పొద్దున ఆరూ నలభై

మా నాన్నని తాగుబోతుని చేసిన మనిషి 1984 జూన్ మొదటివారంలో జీపు దిగి కొండల్లోని మా ఊరు కోక్-జార్‌లో కాలు పెట్టాడు. ఆయన రాయబోయే కొత్త నవలకి కావలసిన వివరాలు అడిగి తెచ్చిపెట్టడానికీ, రాసిన కాగితాలు శుభ్రంగా టైపు చేసి ఇవ్వడానికీ ఊళ్లో ఒకరిని కుదర్చమని జిల్లా నుంచి ఉత్తరం వచ్చింది. బళ్లో సాహిత్యం చెప్పేదాన్ని నేనొక్కదాన్నే. ఉత్తరం పట్టుకుని హెడ్మాస్టరు మా ఇంటికొచ్చి, నా మొహంలోకి చూడలేక కిటికీ వైపు చూస్తూ మాట్లాడాడు.

"వద్దంటే చెప్పు బురుల్. జ్వరమని రాసేస్తాను."

"జ్వరమెందుకండీ? చేస్తాను."

వెనక రొట్టె ముద్ద పిసుకుతున్న మా అమ్మ చేతులు ఆగిపోయాయి. హెడ్మాస్టరు వెళ్లేదాకా ఆగి, "వాడికి టీలో ఏం కలుపుదామే?" అంది.

"టీలో కాదమ్మా," అన్నాను.

ఆ రచయిత పేరు మెలిస్ కదిరోవ్. ఆయన నవల 'మూగ కనుమ' ఎనభైలో వచ్చింది. అంతకు మూడేళ్ల ముందు మార్చిలో తుయుక్ కనుమ దగ్గర మంచు విరిగి బస్సు మీద పడి పదకొండుమంది పోయారు. కనుమ పైనున్న హిమకేంద్రంలో మంచు కొలిచి, ప్రమాదముంటే రేడియోలో కిందికి చెప్పే ఉద్యోగం మా నాన్న సాదిర్‌ది. ఆ రోజు చెప్పాడు. రోడ్డు మూసెయ్యమని పొద్దున్నే చెప్పాడు. రోడ్ల అధికారి జుమాషెవ్ మూయలేదు. పైనుంచి ఎవరో పెద్దలు ఆ దారిన వస్తున్నారట. విచారణ జరిగింది, ప్రకృతి వైపరీత్యం అన్నారు, కాగితాలు బీరువాలోకి పోయాయి. ఆ తరవాత రచయితగారు వచ్చి, జుమాషెవ్ ఇంట్లో మూడురోజులు గొర్రెమాంసం తిని, ఆయన చెప్పిన కథ విని వెళ్లిపోయాడు. పైనున్న కేంద్రానికి ఎక్కాలంటే గుర్రం మీద ఐదు గంటలు. ఆయన ఎక్కలేదు.

నవల్లో కావలివాడి పేరు కాదిర్. ఎడమచేతికి రెండు వేళ్లుండవు. మా నాన్నకీ ఉండవు, ఆ కేంద్రంలో మొదటి చలికాలమే కొరికేసింది. కాదిర్ కుక్క పేరు బొజ్‌గోయ్. మా కుక్క పేరూ అదే. ఆ కాదిర్ ముందురోజు సీసా ఖాళీ చేసి, తెల్లారినా లేవక, రేడియో ముట్టుకోడు. బస్సు పోతుంది. చివరికి వాడు లోయలోకి దూకి చస్తాడు.

మా నాన్న దూకలేదు. కేంద్రంలో ఉద్యోగం మానేసి ఊళ్లోకి దిగి గడ్డి కోసుకుంటూ బతికాడు. ఆ బతుకు ఎలా ఉందో ఒక్కటి చెబుతాను. మా దగ్గర విందుల్లో మాంసం ఊరికే పంచరు, వయసునీ గౌరవాన్నీ బట్టి ఎవరి ఎముక వాళ్లకి వస్తుంది. తొడ ఎముక అందుకోవలసిన వయసులో మా నాన్న ముందు మెడముక్క పెట్టారు. ఆయన మెడముక్కే నెమ్మదిగా కొరుక్కుతిని, చేతులు తుడుచుకుని, పెట్టినవాళ్లని దీవించి వచ్చాడు. మా గోడ పక్కింటి బాత్మా పెద్దమ్మ కొడుకు ఇమిల్ ఆ బస్సు నడిపినవాడు, ఇరవై మూడేళ్లు. పుస్తకం రాకముందు ఆమే మా అమ్మని పట్టుకుని ఏడ్చేది. పుస్తకం వచ్చాక ప్రతి శుక్రవారం పొయ్యిలో బూడిద తెచ్చి మా గుమ్మం ముందు పోసేది. నాలుగేళ్లు పోసింది. అదే పుస్తకం తొమ్మిదో తరగతికి పాఠ్యాంశమైంది. నేనే చెప్పాను. "కాదిర్ పాత్రలోని నైతిక పతనం" అని నల్లబల్ల మీద నా చేత్తో నేనే రాశాను.

బడి పక్కన అతిథుల గదిలో కదిరోవ్‌కి బస. యాభై దాటినవాడు, నెమ్మదైన గొంతు, ఆకుపచ్చ అట్ట నోటుపుస్తకం. చెడ్డవాడిలా ఉంటాడనుకున్నాను. తలుపు తీసి నిలబడి, "రామ్మా, కూర్చో, ప్రయాణంలో నా దూరపుచూపు కళ్లజోడు విరిగింది, ఇక నా కళ్లు నువ్వే," అన్నాడు.

"కావలివాడు... ఆ మూగ కనుమ కావలివాడు నిజంగా ఉండేవాడా అండీ?" అని మొదటిరోజే అడిగాను.

"ఉండేవాడమ్మా. పోయాడట తరవాత. జుమాషెవ్ చెప్పాడు."

అప్పటికి మా నాన్న రెండు వందల గజాల దూరంలో కొడవలి నూరుకుంటున్నాడు. ఆ చప్పుడు ఆ గదిలోకి వినబడుతోంది కూడా.

నేను సాదిర్ కూతుర్నని ఊళ్లో ఎవరూ కదిరోవ్‌కి చెప్పలేదు. ఆయన మనుషుల్ని చూడడానికి పగలు ఊళ్లోకి వస్తే, నేను ముందు నడిచేదాన్ని. కొత్త నవల కథ ఏమిటంటే, పర్వత పచ్చికల్లో గుర్రాలు మేపే కుటుంబంలో పుట్టిన పిల్ల పెద్దదై హిమకేంద్రంలో చేరి ఒక ఊరిని కాపాడుతుంది. రచయితకి గుర్రాల గురించీ మంచు గురించీ ఏమీ తెలీదు. పట్నంలో పుట్టాడు.

"గుర్రం ఏ పక్క నుంచి ఎక్కుతారమ్మా?" అన్నాడు.

"కుడిపక్క నుంచండీ."

మాలో రెండేళ్ల పిల్లాడు కూడా ఎడమపక్కే ఎక్కుతాడు. ఆయన రాసుకున్నాడు.

వారం తిరిగేసరికి ఊరంతటికీ సంగతి తెలిసిపోయింది. అందరూ మా నాన్న పక్షం అయ్యారనుకోకండి. పట్నంవాడిని ఏడిపించడమంటే ఎవరికి చేదు? దూలోత్ తాత ఎనభై ఏళ్ల మనిషి, గుర్రపుపాలు పొయ్యెక్కించకుండా పచ్చివే పులియబెట్టి కుమిస్ చేయడంలో ఆయన తరవాతే ఎవరైనా. ఆయన గడ్డం నిమురుకుంటూ ఎంత గంభీరంగా చెప్పాడో!

"మూడు పొంగులు రావాలి నాయనా. రెండు పొంగులకే దించేస్తే కడుపు నొప్పి. మూడో పొంగులో చిటికెడు ఉప్పు."

"కుమిస్‌ని కాచాలన్నమాట."

"కాచకపోతే ఎలా? పచ్చిపాలు తాగడానికి మేమేం దూడలమా?"

ఆయన భార్య నవ్వాపుకోలేక తలగుడ్డ చెంగు నోట్లో కుక్కుకుని బయటికి పోయింది. ఇంటికొచ్చి చెబితే మా అమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. నాలుగేళ్లలో అమ్మ నవ్వడం నేను చూడలేదు. రోజూ సాయంత్రం నన్ను కూర్చోబెట్టి, "ఇవాళ ఏం తినిపించావు?" అని అడిగేది. తనూ కొన్ని కల్పించి ఇచ్చేది. నడిచలికాలంలో మర్మోట్లు మంచు మీద గుంపులుగా తిరుగుతాయని చెప్పమంది. ఆ జంతువులు సెప్టెంబరులో కన్నంలో దూరితే వసంతందాకా లేవవు.

"అచ్చయ్యాక చూడు," అనేది అమ్మ. "పుస్తకం తెరిచిన ప్రతి గొర్రెల కాపరీ నవ్వాలి. పచ్చిక మీద గుడారం గుడారానికీ నవ్వాలి. వీడి పేరు చెబితే గుర్రాలు కూడా నవ్వాలి."

నాన్న మూల కూర్చుని టీ తాగేవాడు.

జూలై చివర కదిరోవ్ మంచు ప్రకరణం దగ్గరికొచ్చాడు. కథానాయిక జనాన్ని కనుమ దాటించాలి. ఏ వైపునుంచి దాటిస్తే క్షేమం అని అడిగాడు. నాకు తెలుసు. పదేళ్ల వయసునుంచీ చలికాలం సెలవుల్లో నాన్నతో పైకి వెళ్లినదాన్ని. గాలి కొట్టే వైపు మంచు పలచబడుతుంది, గాలి చాటు వైపు అంతా పోగుపడుతుంది, పైకి మెత్తగా, నున్నగా కనిపిస్తుంది, అడుగుపెడితే పలకపలకగా విరుగుతుంది.

"గాలి చాటు వైపండీ," అన్నాను. "అక్కడ మంచు కదలదు. నున్నగా ఉన్నచోట నడవాలి."

టైపు చేశాను. ఆ కాగితాలు తప్పులు సరిచూడడానికని ఇంటికి తెచ్చి బల్ల మీద పెట్టి పాలు పితకడానికి వెళ్లాను. తిరిగొచ్చేసరికి నాన్న కళ్లజోడు పెట్టుకుని చదువుతున్నాడు. గుర్రం కుడిపక్క నుంచి ఎక్కిన చోట మీసం కదిలింది. కుమిస్ కాచినచోట పైకే నవ్వాడు. తరవాత ఒక కాగితం దగ్గర ఆగి, దాన్ని విడిగా తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"ఇది ఎవరు చెప్పారు?"

"నేనే."

"మార్చు."

"ఎందుకు మార్చాలి? మీ మీద రాసింది వాడు మార్చాడా?"

"కుమిస్ సంగతి నీ ఇష్టం. కాచిన కుమిస్ తాగి ఎవడూ చావడు. ఇది చదివి ఏ ఊళ్లోనో ఒక పిల్లాడు గాలి చాటున నడుస్తాడు. పుస్తకంలో అలాగే ఉంది కదా అంటాడు."

"కథ చదివి ఎవరు నడుస్తారు నాన్నా!"

"నా మీద కథ చదివి మెడముక్క పెట్టలేదూ?"

ఆ మాట అంటున్నప్పుడు గొంతు పెంచలేదు. లేచి నీళ్లతో మొహం కడుక్కుని పడుకున్నాడు. నాకు కోపం తగ్గలేదు, నిజం చెప్పాలంటే పెరిగింది. నేను ఆయనకోసం చేస్తున్నాను. ఆయనేమో ఎక్కడో ఉన్న పిల్లాడి గురించి మాట్లాడుతున్నాడు. కాగితం నేను మార్చలేదు.

మర్నాడు పొద్దున పదింటికి నేను కదిరోవ్ గదిలో టైపు చేస్తుంటే తలుపు చప్పుడైంది. నాన్న. పాత కేంద్రం కోటు వేసుకున్నాడు, ఇత్తడి గుండీలు తోమి ఉన్నాయి. చంకలో అట్టపెట్టె. నావైపు, తెలియనివాళ్లని చూసినట్టు చూసి తలాడించాడు.

"నన్ను సాదిర్ అంటారండీ. పైన కేంద్రంలో పంతొమ్మిదేళ్లు చేశాను. మీరు మంచు గురించి రాస్తున్నారని విన్నాను."

కదిరోవ్ లేచి చెయ్యి చాచాడు. నాన్న రెండు చేతులతో ఆ చెయ్యి పట్టుకున్నాడు, పెద్దవాళ్ల పద్ధతిలో. కదిరోవ్ కిందికి చూశాడు. ఎడమచేతి మీద ఆయన చూపు ఆగిపోయింది. అలాగే కుర్చీలో కూర్చుండిపోయాడు.

"రాసుకోండి," అన్నాడు నాన్న. "అమ్మాయ్, నువ్వు కూడా రాసుకో. మీకిద్దరికీ పనికొస్తుంది."

గంటన్నర చెప్పాడు. గాలి, పొరలు, గడ్డపార గుచ్చితే ఏ లోతులో ఎలా దిగాలి, జనాన్ని ఎంత దూరం దూరంగా నడిపించాలి, ఎవరైనా కూరుకుపోతే ఎక్కడ వెతకాలి. నేను చెప్పిన మాట అబద్ధమని ఎక్కడా అనలేదు. "అమ్మాయి పొరబడి ఉంటుంది, చిన్నది," అని ఊరుకున్నాడు. చివర్లో అట్టపెట్టె తెరిచాడు. కేంద్రంలో రోజూ రాసే నమోదు కాగితాల కింద కార్బన్ పెట్టి తీసిన నకళ్లు. ఒకటి తీసి చదివాడు.

"డెబ్భై ఏడు, మార్చి పదకొండు. పొద్దున ఆరూ నలభై. కొత్త మంచు అరవై రెండు సెంటీమీటర్లు. పడమటి గాలి. నాలుగో మలుపు పైన పగులు కనిపించింది. రోడ్డు మూయవలెనని రేడియోలో తెలిపితిని. అందినది అని జవాబిచ్చినవారు జుమాషెవ్. ఏడూ పదికి మళ్లీ తెలిపితిని. జవాబు లేదు. తొమ్మిదింపావుకి విరిగినది."

కదిరోవ్ అది రాసుకుని తలెత్తాడు.

"మీరు... ఇది అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"అడిగినవాళ్లకి చెప్పానండీ. మీరు అడగలేదు."

నాన్న పెట్టె మూసి, సెలవు తీసుకుని వెళ్లిపోయాడు. కదిరోవ్ ఆ రోజంతా రాయలేదు. సాయంత్రం నాతో, "ఆయన బతికే ఉన్నాడు," అన్నాడు. మళ్లీ తనే, "కానీ నవల వేరమ్మా. నవలకి ఒక దోషి కావాలి," అన్నాడు. నోటుపుస్తకంలో మార్చి పదకొండు రాసుకున్న పుటని మధ్యకి మడిచాడు. మంచు ప్రకరణం నాన్న చెప్పినట్టు దిద్దాడు. మడిచిన పుటలో ఉన్నదాన్ని మాత్రం దేంట్లోనూ కలపలేదు. రోజూ చూశాను, కలుపుతాడేమోనని. కలపలేదు.

ఆగస్టు చివర, పచ్చికల నుంచి మందలు దిగే రోజుల్లో, క్లబ్బు హాల్లో సభ పెట్టారు. రచయిత కొత్త నవల్లోంచి చదివి వినిపిస్తాడు. జిల్లా అధికారులు వచ్చారు. ముందు వరసలో జుమాషెవ్, మనిషి కుర్చీకి సరిపోక పక్కకి పొంగిపోతున్నాడు. వెనక రెండు వందలమంది కాపరులు, టోపీలు మోకాళ్ల మీద పెట్టుకుని. నాన్న రాలేదు, కోసిన గడ్డి తడిసిపోతుందని.

టైపు కాగితాల కట్ట నేనే బల్లమీద పెట్టాను.

పిల్ల కుడిపక్క నుంచి గుర్రం ఎక్కగానే వెనకనుంచి ఎవరో, "కింద పడిందా?" అన్నారు. కొందరు నవ్వారు. కదిరోవ్ చిరునవ్వు నవ్వి ముందుకు చదివాడు. కుమిస్ మూడు పొంగులు పొంగేసరికి హాలు కప్పు లేచిపోయింది. దూలోత్ తాత లేచి నిలబడి, "ఉప్పు మరిచిపోకు నాయనా!" అని అరిచాడు. మర్మోట్లు గుంపుగా మంచు మీదికొచ్చేసరికి ఒకతను బల్ల మీంచి జారి కిందపడ్డాడు. కదిరోవ్ మెడ ఎర్రబడింది, తరవాత చెవులు. నేను గోడకి ఆనుకుని నిలబడి ప్రతి నవ్వునీ చూశాను. వాటిలో కొన్ని, మా నాన్నకి మెడముక్క పెట్టిన నోళ్లవే. అయినా హాయిగానే ఉంది. ఎంత హాయిగా ఉందో మీతో దాచను.

మంచు ప్రకరణం మొదలయ్యాక నవ్వులు తగ్గాయి. గాలి, పొరలు, గడ్డపార. కాపరులకి అది తెలుసు. ఒకరిద్దరు తలలాడించారు. కదిరోవ్‌కి గొంతు తిరిగి వచ్చింది, ధైర్యంగా కాగితం తిప్పాడు.

"డెబ్భై ఏడు, మార్చి పదకొండు. పొద్దున ఆరూ..."

ఆగిపోయాడు. ఆ కాగితం నేను ముందురోజు నాన్న పెట్టెలోంచి తీసి, అక్షరం మార్చకుండా టైపు చేసి, మధ్యలో పెట్టాను.

జుమాషెవ్ మెల్లగా కాళ్లు లోపలికి తీసుకున్నాడు.

"ఇది ఇక్కడికెలా..." కదిరోవ్ నావైపు చూశాడు. తరవాత జనం వైపు తిరిగి, "క్షమించాలి. ఇది నవల. కల్పన..."

"కల్పనైతే వేళ్లు కూడా కల్పించుకోవలసింది!" మా అమ్మ లేచింది. "మా ఆయన వేళ్లు తీసుకున్నావు. మా కుక్క పేరు తీసుకున్నావు. సీసా ఒక్కటే నీ సొంతం. అదిగో, ఆ గోడ దగ్గర ఉన్నది నా కూతురే, మూడు నెలల్నుంచి నీ రాత టైపు కొడుతున్నది!"

అందరూ నావైపు తిరిగారు. నేను తల దించలేదు.

అప్పుడు మూడో వరసలో, మా పెద్దావిడలు చుట్టుకునే తెల్ల తలపాగాతో కూర్చున్న బాత్మా పెద్దమ్మ, లేవకుండానే, "చదువు," అంది.

కదిరోవ్ చదివాడు. ఆరూ నలభై చదివాడు. అందినది అన్నవారి పేరు చదివాడు. ఏడూ పది చదివాడు. జుమాషెవ్ లేచి వెళ్లిపోతుంటే కుర్చీ కూడా రెండడుగులు ఆయనతో వెళ్లి కిందపడింది. దాన్ని ఎవరూ లేపలేదు.

పుస్తకాల సంగతి ఇక్కడే చెప్పేస్తాను. కదిరోవ్ తెల్లారగానే జీపెక్కి వెళ్లిపోయాడు. రెండేళ్లకి కొత్త నవల వచ్చింది. అందులో గుర్రం ఎడమపక్క నుంచే ఎక్కారు, కుమిస్ కాచలేదు, మంచు నాన్న చెప్పినట్టే ఉంది. మార్చి పదకొండు లేదు. 'మూగ కనుమ' మరో రెండుసార్లు అచ్చయింది, అక్షరం కదల్లేదు. సభ జరిగిన ఏడే సెప్టెంబరులో నేను ఆ పాఠం చెప్పనన్నాను. నన్ను మరో లోయలో బడికి మార్చారు. జుమాషెవ్‌కి ఏమీ కాలేదు, పింఛను తీసుకుని పోయాడు.

నాన్న మాత్రం సభ సంగతి విని, "నా కాగితం నన్నడక్కుండా తీశావు," అన్నాడు. మూడురోజులు నాతో మాట్లాడలేదు.

సభ మర్నాడు మధ్యాహ్నం బాత్మా పెద్దమ్మ వచ్చింది. చేతుల్లో ఏమీ లేదు. గుమ్మంలో ఒక్క క్షణం ఆగి, కిందకి చూసుకుంటూ దాటింది. వచ్చి నాన్నకి ఎదురుగా పరుపు మీద కూర్చుంది. క్షమించమని అనలేదు. అమ్మ నన్ను టీ పొయ్యమని సైగ చేసింది.

"సాదిర్," అంది ఆమె. "మా ఇమిల్‌ని తవ్వి తీసినవాళ్లలో నువ్వున్నావు."

"ఉన్నాను."

"నువ్వు గంటలూ నిమిషాలూ రాస్తావట. నిన్న విన్నాను. నా బిడ్డ ఎంతసేపు ఉన్నాడు కింద, ప్రాణంతో?"

నాకు తెలుసు. పెట్టెలో ఆ తరవాతి కాగితం నేను చదివాను. డ్రైవరుని మధ్యాహ్నం ఒంటిగంటా ఇరవైకి వెలికి తీసితిమి. నోటి ముందు మంచు జానెడు మేర కరిగి, తిరిగి గడ్డకట్టి గాజులా ఉన్నది. కుడిచేతి గోళ్లు లేవు. ఊపిరి చాలాసేపు ఆడితేనే మంచు అలా కరుగుతుంది, గాజులా మారుతుంది. రేడియో మాట విని రోడ్డు మూసి ఉంటే అని కాదు, తవ్వేవాళ్లు ఒక్క గంట ముందొచ్చినా బతికేవాడని దానర్థం.

నాలుగేళ్ల బూడిద నా గొంతులోకి వచ్చింది. ప్రతి శుక్రవారం చీపురు పట్టుకుని ఊడ్చినది నేనే. ఒక్క వాక్యం చాలు. నేనేమీ కల్పించనక్కర్లేదు. కాగితంలో ఉన్నది ఉన్నట్టు చెబితే, ఆమె జన్మలో మళ్లీ నిద్రపోదు. నోరు తెరిచాను.

"వెంటనే పోయాడు బాత్మా," అన్నాడు నాన్న. "దెబ్బకే. వాడికేమీ తెలీదు."

"రాశావా అలాగని?"

"రాశాను."

ఆమె నావైపు తిరిగింది. "నువ్వు చదివావుగా ఆ కాగితాలన్నీ. అలాగే ఉందా?"

నాన్న నన్ను చూడలేదు. తన మూడు వేళ్ల చేత్తో పరుపు మీద ఏదో నలుసు తీస్తున్నాడు.

"అలాగే ఉంది పెద్దమ్మా," అన్నాను.

టీ పోశాను. మా ఇళ్లలో ఉండమనే మనిషికి గిన్నెలో కొంచెమే పోస్తాం, మళ్లీ మళ్లీ నింపుతాం. నిండా పోస్తే తాగి వెళ్లమని. నేను అంచుదాకా పోశాను. ఆ రోజుకి నా చేతనైన కక్ష అంతే మిగిలింది.

ఆమె గిన్నెలోకి చూసింది, నన్ను చూసింది. వేడి వేడిది ఆగకుండా, అడుగు కనిపించేదాకా తాగింది. ఖాళీ గిన్నె మళ్లీ నా ముందుకి చాపింది.